పూత నిలవాలంటే

మా కారు డాష్‌బోర్డుకు రెండుసార్లు రంగు పడింది. మొదటిసారి నేనే వేశాను. అది మూడు నెలలైనా నిలవలేదు. రెండవసారి నందిగామలో ఒక మేస్త్రీ వేశాడు. దాని మీదుగా వేసవులు నడిచిపోతున్నా చెక్కు చెదరలేదు. ఈ రెండు పూతల నడుమ నేను నేర్చుకున్నది ఇక్కడ వ్రాసి ఉంచదలచాను. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాడికి ప్లాస్టిక్కు మీద రంగుతో పనేమిటని చదువరులు అనుకోవచ్చు. మొదట్లో ఆ సందేహం నాకూ ఉండేది.

మన భాషలో పూత అనే మాట ఒక్కటే రెండు పనులు చేస్తుంది. మామిడికి వచ్చేదీ పూతే, గోడకు వేసేదీ పూతే. చెట్టు పూత లోపలినుండి వస్తుంది, గోడ పూత బయటినుండి పడుతుంది. అయితే రెండింటికీ ఉన్న భయం ఒకటే, రాలిపోవడం. మా మెట్ట ప్రాంతపు మామిడి రైతు మాఘమాసంలో మంచు పట్టిన ఆకాశం వంక దిగులుగా చూసేది ఆ భయంతోనే. నేను వేసిన పూత మంచుకు కాదు, ఎండకు రాలింది. ఎండకని అప్పట్లో అనుకున్నాను. అసలు కారణం వేరు.

కారు 2006లో కొన్నది. చిన్న బండి. అంకెల పలక మీద ఏపీ 16 అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో మా జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణా జిల్లానుండి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి గాని బండి మీది అంకె మారలేదు, మా నోటి అలవాటూ మారలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే కృష్ణా జిల్లా అనే వస్తుంది. బేతవోలు అనే పాత పేరు మీద జగ్గయ్యపేట అనే కొత్త పేరు పడి రెండు శతాబ్దాలు దాటినా, ఆ పాత పేరు తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. పైపూతలు అంత తేలికగా కింది పొరను చెరపలేవు.

బండికి షెడ్డు లేదు. వేపచెట్టు నీడ మధ్యాహ్నం దాకానే. ఆ తరువాత ఎండ నేరుగా ముందు అద్దంలోనుండి లోపలికి దిగుతుంది. మూసిన కారులో మే నెల ఎండకు డాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటగలదట. ఆ వేడికి తోడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్కులోని పొడవాటి అణుగొలుసులను తెంచుతూ పోతాయి. అందుచేత ప్లాస్టిక్కు మొదట వెలుస్తుంది, తరువాత సుద్ద రాసినట్లు పొడి రాలుతుంది, ఆపైన పగులుతుంది. మా బండి మొదటి రెండు దశలూ దాటింది. స్టీరింగుకు ఎడమవైపు అంటించిన చిన్న వినాయకుడి బొమ్మను ఒకరోజు తీసి చూస్తే, ఆయన కూర్చున్న చోట రూపాయి బిళ్ళంత మేర అసలు బూడిదరంగు తాజాగా ఉంది. చుట్టూ ఉన్నది పాత సున్నపు గోడ.

మొదట మెరుగు ద్రవం పూశాను. స్పాంజితో రుద్దితే చాలు, పదునాలుగేళ్ళ బండి పెళ్ళిపందిరిలా మెరిసింది. వారానికొకసారి రుద్దేవాణ్ణి. ఆ మెరుపంతా సిలికాను నూనెదని, అది ప్లాస్టిక్కు పైన పొరగా పేరుకుని అంత సులువుగా వదలదని అప్పుడు తెలియదు. తరువాత ఆ మెరుగూ చాలక 2021 ఫిబ్రవరిలో రెండు స్ప్రే డబ్బాలు కొన్నాను. టేకు చెక్కలాంటి గోధుమరంగు, పైన నిగనిగలాడే వార్నీషు. అద్దాలకు పాత దినపత్రికలు అంటించి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఒక్క పూటలో పని ముగించాను. కొన్ని చోట్ల రంగు నిలవక చేపకన్నుల్లాంటి గుంటలు పడ్డాయి. వాటి మీద ఇంకొంచెం దట్టంగా కొట్టాను. సాయంత్రానికి బండి లోపల జమీందారు గారి భోషాణంలా ఉంది. చూసినవాళ్ళు బాగుందన్నారు. మా ఆవిడ మాత్రం, "ఇంత మెరుపెందుకండీ, కళ్ళలోకి కొడుతోంది" అన్నది. ఆ మాటను రంగు మీది అభిప్రాయంగా తీసుకున్నాను గాని హెచ్చరికగా తీసుకోలేదు.

నందిగామలో బంధువుల ఇంట ఒక శుభకార్యానికి వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తున్నాము. నందిగామనుండి జగ్గయ్యపేటకు జాతీయ రహదారి 65 మీద ప్రయాణమంటే పడమటికి ప్రయాణం. సాయంత్రం వేళ సూర్యుడు రోడ్డు చివర కూర్చుని ఉంటాడు. ఆ రోజు నా ఎదుట ఒక సూర్యుడు, ఒడి ముందర మరొక సూర్యుడు. పైనున్న వాణ్ణి ఎండ అట్ట దింపి ఆపగలిగాను. డాష్‌బోర్డు వార్నీషు మీద పడి కళ్ళలోకి ఎగసివచ్చే వాణ్ణి ఆపడానికి ఏ అట్టా లేదు. దానికి తోడు ముందు అద్దం మీద ఆ గోధుమరంగు నీడ తెరలా పరుచుకుంది. అద్దంలోనుండి చూడడం మాని అద్దాన్నే చూస్తున్నట్లు ఉంది.

చిల్లకల్లు చేరబోతుండగా మా ఆవిడ "ఏవండీ, మనిషి!" అని అరిచింది. స్టీరింగు కుడివైపుకు లాగాను. ఎడమ అద్దానికి ఏదో రాసుకుపోయిన చప్పుడు. బండి ఆపి వెనక్కి పరుగెత్తాను. పెద్ద గడ్డిమోపు వేసుకుని సైకిలు నడిపించుకుంటూ పోతున్న ఒక పెద్దాయన రోడ్డు వార నిలబడి ఉన్నాడు. నా వయసువాడే. మోపు ఒకపక్కకు ఒరిగింది, ఆయనకు ఏమీ కాలేదు. చేతులు జోడించాను. "పోనివ్వండి, గడ్డే కదా తగిలింది" అని మోపు సర్దుకోసాగాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఇంటికి వచ్చి చూస్తే పక్క అద్దం సందులో నాలుగు పచ్చి గడ్డిపోచలు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని తీయడానికి చాలాసేపు చేయి రాలేదు.

అయినా తప్పు సూర్యుడి మీదికి నెట్టి రంగును అలాగే ఉంచాను. మనసు ఎంత గడుసుదో చూడండి. ఏప్రిల్ వచ్చింది. మోకాళ్ళ నొప్పి వల్ల మా ఆవిడ బండి దిగేటప్పుడు డాష్‌బోర్డుకు అరచేయి ఆన్చి లేస్తుంది. ఒకరోజు అలా లేచి చేయి చూసుకుంటే అరచేతినిండా గోధుమరంగు పొలుసులు. ఆమె నవ్వి, "గోరింటాకైనా పది రోజులుంటుంది. అది లోపలికి పోతుంది గనుక. మీ రంగు పైనే కూర్చుంది" అన్నది. చదువు చెప్పిన నోళ్ళకు రాని వాక్యాలు ఒక్కొక్కప్పుడు ఇంట్లో వినిపిస్తాయి.

అప్పుడు వెళ్ళాను నందిగామ మేస్త్రీ వద్దకు. రహదారికి ఒక పక్కన రేకుల షెడ్డు. విజయవాడ ఆటోనగరులో లారీ బాడీల పనిలో చేయి తిరిగినవాడు. ఒకప్పుడు లారీలు చట్రంగా మాత్రమే వచ్చేవి, డ్రైవరు కూర్చునే క్యాబిను ఇక్కడి వడ్రంగులు కొయ్యతో కట్టేవారు. కొయ్య రంగును తాగుతుంది. ప్లాస్టిక్కు తాగదు. ఆ తేడా తెలుసుకోవడానికే తనకు నాలుగేళ్ళు పట్టిందని మేస్త్రీ చెప్పాడు.

బండి తలుపు తీసి లోపలికి తొంగిచూసి అతడు వేసిన మొదటి ప్రశ్న ఇది: "అమ్మడానికా మాస్టారూ, ఉంచుకోవడానికా?"

నాకు అర్థం కాలేదు. వివరించాడు. అమ్మడానికైతే గంట పని. ఉన్నదాని మీదే ఒక కోటు కొట్టి పంపిస్తారు. కొనేవాడు చూసేదాకా ఉంటుంది. ఉంచుకోవడానికైతే రెండు రోజులు. మొదటిరోజు రంగు డబ్బా మూత కూడా తీయరు. "మీరు వేసింది అమ్మకపు రంగండీ" అని, అంతలో నొచ్చుకున్నాననుకున్నాడేమో, "తెలియక వేశారు లెండి" అని సర్దాడు.

ఉంచుకోవడానికేనన్నాను. స్క్రూలు విప్పి భాగాలను బల్ల మీద పరిచాడు. ఒక్కొక్క దాన్ని తిరగేసి వెనుక వైపు వెదికాడు. చాలా కార్ల లోపలి భాగాల వెనుక చిన్న అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి, అది ఏ జాతి ప్లాస్టిక్కో చెప్పడానికి. ఏ.బీ.ఎస్. అని ఉంటే సుఖం. థిన్నరు దాన్ని రవ్వంత మెత్తబరచి రంగుకు పట్టు ఇస్తుంది. థిన్నరు మితిమీరితే మాత్రం వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. పీ.పీ. అని ఉంటే పాలీప్రొపిలీను. కష్టమంతా దానితోనే. తుడిచిన ముక్క మీద మేస్త్రీ ఒక నీటిచుక్క వేసి చూపించాడు. చుక్క పరుచుకోలేదు, గుండ్రంగా ముత్యంలా నిలిచి దొర్లిపోయింది.

తామరాకు మీది నీటిబొట్టు! ముప్ఫై ఏళ్ళకు పైగా తరగతిగదిలో వైరాగ్యానికి దృష్టాంతంగా నేను చెప్పిన ఆ బొట్టు ఒక రేకుల షెడ్డులో నా ఎదుట దొర్లింది. సంస్కృతంలో రంజ అనే ధాతువునుండే రంగమూ, రాగమూ, రంజనమూ పుట్టాయి. రంగు అంటుకోవడమూ మనసు అంటుకోవడమూ ఆ భాషకు ఒకే క్రియ. వెలిసిపోవడమూ విరక్తి చెందడమూ కూడా ఒకటే. పాలీప్రొపిలీను అణువుల నిర్మాణంలో ఇతర పదార్థాలను ఆకర్షించే గుణం బహుస్వల్పం. నీరు దాన్ని తడపలేదు, రంగు పట్టుకోలేదు. పుట్టు విరాగి. అందుకే కర్మాగారంలో దానికి సాధారణంగా పైన రంగు వేయరు, కరిగిన ముద్దలోనే రంగు కలిపి అచ్చుపోస్తారు. గీత పడినా లోపల అదే రంగు కనబడేది అందుచేతనే. రంగు వేయక తప్పని బంపర్లకైతే ముందు మంటను క్షణకాలం తాకించి ఆ ఉపరితలాన్ని మార్చే పద్ధతి ఉంది. మేస్త్రీ వంటివారికి దొరికేది ఒక పారదర్శక ద్రవం. క్లోరిను చేర్చిన అదే జాతి ప్లాస్టిక్కు అందులో కరిగి ఉంటుంది. ఒక చేత్తో ఆ విరాగిని, రెండవ చేత్తో రంగును పట్టుకుంటుంది. కంటికి కనబడదు. అది లేనిదే ఏదీ నిలవదు.

మొదటిరోజు పనంతా కడుగుడే. నేను వేసిన రంగు గీకడం, సబ్బునీటితో బ్రష్షు పెట్టి తోమడం, ఆరాక ఆల్కహాలుతో తుడవడం, మళ్ళీ తోమడం. మెరుగు ద్రవపు సిలికాను గింజంత మిగిలినా కొత్త రంగులో మళ్ళీ చేపకళ్ళు పడతాయట. ఒకసారి తుడిచిన గుడ్డను రెండవసారి వాడనివ్వలేదు. ఆ తరువాత సన్నని ఉప్పుకాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాడు. పగుళ్ళకు లప్పం పెట్టి మళ్ళీ రుద్దాడు. సాయంత్రానికి ముక్కలన్నీ నేను తీసుకొచ్చిన నాటికన్నా అధ్వాన్నంగా కనిపించాయి. "ఇవాళ్టి పని అయిపోయింది. సగం కన్నా ఎక్కువే అయింది" అన్నాడు సంతోషంగా.

రెండవరోజు పారదర్శక ద్రవం, దాని మీద రంగు. ఏ రంగని అడిగితే మళ్ళీ గోధుమ అనబోయాను. అతడు తల అడ్డంగా ఊపాడు. కింది భాగాలకు మీ ఇష్టం, పైభాగానికి మాత్రం ముదురు బూడిద, అదీ మెరుపు లేనిది అన్నాడు. వాలుగా ఉన్న ముందు అద్దం సగం అద్దమే గాని సగం దర్పణం కూడా. దాని కిందనున్నది ఎంత తెల్లగా, ఎంత నిగనిగగా ఉంటే రోడ్డు మీద అంత తెర. కార్ల తయారీదారులు ఆ పైభాగాన్ని వీలైనంత మసకగా ఉంచేది లోభంతో కాదన్నమాట. నాకు గడ్డిపోచలు గుర్తుకు వచ్చాయి. మేస్త్రీకి ఆ సంగతి చెప్పాను. గన్ను పట్టుకున్న చేయి ఒక్కక్షణం ఆగింది. ఏమీ అనలేదు.

పలుచని కోటు, పావుగంట ఆరుదల, మళ్ళీ పలుచని కోటు; ఇలా మూడు. దట్టంగా కొడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుందట. పని నడుస్తున్నంతసేపూ ముక్కుకు ముసుగు, షెడ్డుకు రెండువైపులా గాలి. మూసిన కారులో కూర్చుని డబ్బా కొట్టినందుకు నన్ను మెత్తగా మందలించాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు, చదువరులకు పనికివస్తుంది. మా పాత బండికి ఎయిర్‌బ్యాగులు లేవు. అవి ఉన్న బండ్లలో వాటి మూతల మీద రంగూ లప్పమూ పూయకూడదు, తాను వాటి జోలికి పోనన్నాడు. అవసరవేళ ఆ మూత అతుకు దగ్గర చీలి తెరుచుకోవాలి. పూత దానికి అడ్డం రావచ్చు, పెళ్ళలుగా లేచి మొహాన కొట్టవచ్చు.

కోట్లు ఆరే వ్యవధిలో మాటలు సాగాయి. "మీ ఊళ్ళో తెలియనిదేముంది మాస్టారూ, అమ్మవారే రంగులకు మీ పేటకు వస్తుంది" అన్నాడు. నిజమే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, గోపయ్యల విగ్రహాలను రెండేళ్ళకొకసారి ఊరేగింపుగా జగ్గయ్యపేటకు తెస్తారు. ఇక్కడి రంగుల మండపంలో వాటికి కొత్త రంగులు వేస్తారు. పని పూర్తయ్యాక ఉత్సవంగా తిరిగి తీసుకువెళతారు. చిన్ననాటినుండి చూస్తున్నదే. కాని అమ్మవారి రంగు వెలిసిందని ఒక ఊరూ, ఆమెకు రంగు వేస్తున్నామని ఇంకొక ఊరూ మేళతాళాలతో చాటడంలోని నిజాయితీ నాకు ఆ షెడ్డులోనే తోచింది. వెలిసినదాన్ని దాచలేదు. ఎప్పటికీ వెలవదని చెప్పలేదు. రెండేళ్ళకు మళ్ళీ తెస్తామనే ఒప్పందం మీద రంగు వేస్తున్నారు. నందిగామకు, విజయవాడకు మధ్యనున్న కొండపల్లిలోనూ అంతే. తెల్లపొణికి కర్రను ఎండబెట్టి, చింతగింజల బంక, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆరిన పిదప గాని రంగు కుంచె పట్టరు. బొమ్మ కొన్నవాడికి కనబడని పనే ఎక్కువ.

అమ్మడానికా, ఉంచుకోవడానికా అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. చెప్పుకోవలసిన మాట కనుక చెబుతున్నాను. తనిఖీ అధికారి వస్తున్నాడంటే వారం ముందునుండి నేను పాఠం సిద్ధం చేసేవాణ్ణి. పాఠమంటే పిల్లలకు కాదు, ఆయనకు. చురుకైన నలుగురిని ముందు బల్లలో కూర్చోబెట్టి, ఎవరిని ఏ సంధి అడగాలో, ఎవరిచేత ఏ పద్యానికి ప్రతిపదార్థం చెప్పించాలో ముందే ఏర్పరచేవాణ్ణి. తరగతి నిగనిగలాడేది. పుస్తకంలో మెచ్చుకోలు వ్రాసి వెళ్ళేవారు. వెనుక బల్లల వాళ్ళకు అక్షరాలే సరిగా రావని నాకు తెలుసు. ఛందస్సు వాళ్ళమీద పడి దొర్లిపోతుంటే మొద్దులని విసుక్కున్నాను గాని, పట్టు దొరకడానికి ముందు ఏమి చేయాలో ఆలోచించలేదు. వాళ్ళను తిరగేసి వెనుక ఏమి వ్రాసి ఉందో చూడలేదు. నా చేతి పూత ఎందరి మీదినుండి పొలుసులుగా రాలిందో లెక్క లేదు. తనిఖీ రోజున వాళ్ళు నా చూపుకు అడ్డం రాకుండా వెనుక కూర్చున్నారు, గడ్డిమోపు మనిషి రోడ్డు వార నడిచినట్లు.

సాయంత్రం ఆరిన ముక్క మీద మేస్త్రీ టేపు అంటించి సర్రున లాగాడు. టేపుకు ఏమీ అంటలేదు. "గోరు పెట్టి గీకండి మాస్టారూ" అన్నాడు. గీకాను. నిలిచింది. అయినా వారం దాకా తుడవవద్దని, మెరుగు ద్రవం ఇక ఎన్నటికీ ముట్టవద్దని మాట తీసుకున్నాడు. వినాయకుడిని తిరిగి అంటించబోతే తానే చోటు చూపించాడు, అద్దంలో నీడ పడని మూలకు.

బండి ఇప్పుడు చూడడానికి కొత్తగా లేదు. ఎవరూ బాగుందని అనరు, అసలు దాని వంక చూడరు. చిల్లకల్లు మీదుగా సాయంత్రం వచ్చినప్పుడల్లా వేగం తగ్గిస్తాను. సూర్యుడు ఒక్కడే ఉంటాడు. రోడ్డు వార నడిచేవాళ్ళు కనిపిస్తారు. ఆ పెద్దాయన మళ్ళీ ఎన్నడూ ఎదురుపడలేదు.

ఇంటి ముందు బండి ఆగగానే మా ఆవిడ డాష్‌బోర్డుకు చేయి ఆన్చి లేస్తుంది. లేచాక అలవాటుగా ఒకసారి అరచేయి తిప్పి చూసుకుంటుంది. ఏమీ ఉండదు. లోపలికి వెళ్ళిపోతుంది.